పాత తూట్లు

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున మా యారాలు చనిపోయింది. యారాలంటే మా బావగారి భార్య, కొన్నిచోట్ల తోడికోడలంటారు. నేను కొండాపూర్ దగ్గర మా అమ్మగారింట్లో ఉన్నాను. "అక్క ఇగ లేదు, గుండె ఆగిందంట. జల్దీ రా" అని మా ఆయన ఫోన్ చేశాడు. ఏడ్చాను. ఏడుస్తూనే, ఇకనుంచి దుకాణానికి వచ్చినవాళ్లు నన్నే అడుగుతారు కదా అనుకున్నాను. సిగ్గులేని ఆలోచనే. కానీ ముందు వచ్చింది అదే, దాచి ఏం లాభం?

పటాన్‌చెరు రోడ్డు మీద మాది పాత జీపుల, కార్ల సీట్లు బాగుచేసే దుకాణం. స్ప్రింగులూ ఫ్రేములూ అన్నదమ్ములు చూసుకుంటారు. తోలు కుట్టేది మేమిద్దరం. ఆమెది ఎడమచేతి వాటం. పక్కపక్కన కూర్చుంటే మోచేతులు తగిలి సూది గుచ్చుకునేది. ఎవరో ఒకరు జరగాలి కదా, నేనే జరిగాను. ఇరవై ఏళ్లు ఎదురెదురుగా కూర్చుని కుట్టాం. వచ్చినవాళ్లు మాత్రం నా ముఖం చూస్తూనే "పెద్దమ్మ లేదా?" అనేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

సీటు విప్పేముందు ఆమె దానిమీద కూర్చుని కళ్లు మూసుకునేది. "ఈయనకు ఎడమ మోకాలు నొస్తదే చెల్లె, బరువంత కుడి దిక్కే ఏసిండు" అనేది. అడిగితే నిజమే అయ్యేది. ఎవరూ లేనప్పుడు నేనూ ఒకసారి కూర్చుని చూశాను. స్ప్రింగు గుచ్చుకుంది, అంతే.

పాత తోలుకు కొత్త తూటు పెట్టేది కాదు. కుట్లు విప్పాక మిగిలిన తూట్లను ఒక్కొక్కటే వెతికి, సూదిని జుట్టుకు రాసుకుని, వాటిలోంచే పోనిచ్చేది. ఒక్క సీటుకు నాలుగు రోజులు!

"ఇప్పటికే మస్తు పోట్లు తిన్నదే అది. మల్ల కొత్తయెందుకు?"

నేను అదే పని మిషన్ మీద ఒక పూటలో తేల్చేసేదాన్ని. నా కుట్టే సూటిగా ఉండేది కూడా. ఎవరిక్కావాలి?

ఒక్కసారి మాత్రం నా రోజు వచ్చింది. ఆమె జ్వరంతో పడుకున్నప్పుడు అమీన్‌పూర్ నుంచి ఒకాయన తెచ్చిన వాళ్ల నాన్న జీపు సీటు నేనే కుట్టాను. వారం తర్వాత ఆయన వచ్చి చెయ్యి పెట్టి తడిమి, "పెద్దమ్మ పనికంటె మంచిగున్నదమ్మా" అన్నాడు.

"అవునయ్యా, గిట్ల నాకు రాదు" అంది ఆమె కూడా.

ఆ మాట మీద తొమ్మిదేళ్లు బతికాను. ఆమెను ఎవరైనా పొగిడినప్పుడల్లా ఆ సీటును తలుచుకుని కడుపు చల్లబరుచుకునేదాన్ని.

పదకొండో రోజు కర్మ అయ్యి దుకాణం తెరవగానే అదే సీటు మళ్లీ వచ్చింది. సంగతి విని అమీన్‌పూర్ ఆయన ఆమె కూర్చునే చాపకు దండం పెట్టాడు. తర్వాత "ఇగ మీరే సూడాలె అమ్మా" అన్నాడు. ఇరవై ఏళ్లుగా వినాలనుకున్న మాట.

విప్పబోయాను. నా మిషన్ కుట్టు వెంబడి తోలు తపాలా బిళ్ల అంచులా చిరిగిపోయి ఉంది. అయినా సీటు విడిపోలేదు. ఎందుకా అని లోపలికి మడిచిన అంచు తిప్పి చూస్తే, పాత తూట్లలోంచి చేత్తో వేసిన కుట్లు, ఈ కొసనుంచి ఆ కొసదాకా. అన్నీ ఎడమకు వాలి ఉన్నాయి. ఆ వారంలో నేను లేనప్పుడు ఎప్పుడో కుట్టింది, జ్వరంతోనే. తొమ్మిదేళ్లు నోరు విప్పలేదు.

నాకున్న ఒక్క మెప్పు కూడా ఆమెదేనా! కోపమొచ్చింది. ఎదురుగా ఉన్న ఖాళీ చాపను చూసి నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూ తిడుతూ ఏడ్చాను. ఈసారి ఏడుపులో ఇంకే ఆలోచనా రాలేదు.

నా కుట్టంతా విప్పేశాను. ఆమెది ముట్టుకోలేదు. సూదిని జుట్టుకు రాసుకుని, ఆమె దారం ఉన్న తూట్లలోంచే నా దారమూ పోనిచ్చాను. నాలుగు రోజులు పట్టింది. ఒక్కో తూటులోంచి ఆమె కుట్టు ఎడమకు, నాది కుడికి. మోచేతులు తగల్లేదు.