అప్పలస్వామి ఆనవాళ్ళు

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, శ్రావణ మాసంలో, బొబ్బిలి పక్క మండలంలో నేను హెడ్ కానిస్టేబుల్‌ని, స్టేషన్ రైటర్‌ని. ఎస్సై గారు చెప్పింది కాగితం మీద పెట్టడం నా పని. ఆ రోజు రాయాల్సింది సెలూన్ అప్పలస్వామి శవ పంచనామా. తడి చేత్తో టేబుల్ ఫ్యాన్ ముట్టుకుని, కరెంటు కొట్టి పోయాడు. ఊరంతా ఏడ్చింది. రోజూ పొద్దున్నే ముగ్గురు కూతుళ్ళకీ తానే జడలు వేసి బడికి పంపాక గాని దుకాణం తెరిచేవాడు కాదు. అంతవరకూ మేమంతా అరుగు మీద పడిగాపులు కాసేవాళ్ళం.

ఇలాంటి చావుకి అయిదుగురు పెద్దమనుషుల్ని సాక్షులుగా కూర్చోబెట్టి పంచనామా రాశాకే శవం పోస్టుమార్టానికి వెళుతుంది. నాలుగు దాటితే డాక్టరు గారు మర్నాటికి వాయిదా వేస్తారు. అప్పటికే రెండయింది, శవం ఇంకా దుకాణంలోనే ఉంది.

"సీకటి పడకముందే ఇంటికి తెచ్చీండి బాబూ, పిల్లలు తండ్రి కోసం సూస్తన్నారు" అని భార్య గౌరమ్మ దుకాణం వాకిట్లో నిలబడి మొత్తుకుంటోంది.

ఇలాంటివి ఎస్సై గారు నాకే వదిలేసేవారు, అందులో నాకో సొంత పద్ధతి ఉండేది. శవం మీది దుప్పటి తీయకుండా ముందు సాక్షుల చేత ఆనవాళ్ళు చెప్పించి, తరవాత సరిచూసేవాణ్ణి. రూలు బుక్కులో లేదది. అదో గొప్ప నాకు.

మొదటి సాక్షి అప్పారావు మాస్టారు. ప్రమాదం జరిగినప్పుడు కుర్చీలో ఉన్నది ఆయనే. సగం గడ్డం గీసి ఉంది, మిగతా సగం మీద నురగ ఎండిపోయింది. మరొకరి చేత గీయించుకోనని మొండికేశారు. మనిషి ఎలా ఉంటాడని అడిగితే, "కత్తి మెడ మీదుంటే కళ్ళు మూసుకుంటాం గాని సూస్తామేటి?" అన్నారు. రెండో ఆయన "తాటిసెట్టంత పొడుగు" అన్నాడు. "ఏటి పొడుగు? నువ్వు కుర్సీలో కూకుని సూసినావు. నా భుజానికొస్తాడంతే" అని మూడో ఆయన తగువుకి దిగాడు. నాలుగో ఆయనకి ముక్కుపుటాలు తప్ప ముఖం తెలీదు. అయిదో ఆయన పొట్ట చూపిస్తే పోల్చేస్తానన్నాడు.

"మీరూ ఆడి దగ్గరే కదా, మీరు సెప్పండి రైటర్ గారూ" అన్నారు మాస్టారు. పదేళ్ళుగా వారానికి రెండుసార్లు నా తల అతని చేతుల్లో పెట్టాను. ఎంత ఆలోచించినా సబ్బు వాసన, చల్లటి వేళ్ళు తప్ప ఏమీ గుర్తు రాలేదు. సిగ్గేసింది.

మూడున్నరకి గౌరమ్మ విసురుగా లోపలికి వచ్చింది. "ఎడం సెవి ఎనకాల పుట్టుమచ్చ. కుడి మోకాలి మీద కుక్క కరిసిన మచ్చ. రాసుకోండి. రాసి పంపించీండి" అంది. దుప్పటి తీస్తే రెండూ ఉన్నాయి. అయిదుగురూ వంగి, మొదటిసారిగా అతని ముఖం నిదానంగా చూసి, గొల్లుమన్నారు. ఆస్పత్రి వీధి చివరే కావడంతో నాలుగింటికి అయిదు నిమిషాల ముందు చేర్చగలిగాం. దీపాలు పెట్టే వేళకి అప్పలస్వామి ఇంటికి వెళ్ళాడు.

ఆ తరవాత ప్రతి పంచనామాకీ దుప్పటి ముందే తీయించాను. ఆనవాళ్ళు మాత్రం ఇంట్లో ఆడవాళ్ళనే అడిగాను. ఊరంతా ఎరిగిన మనిషిని కూడా నిజంగా చూసినవాళ్ళు ఒకరిద్దరే ఉంటారు. వాళ్ళని వాకిట్లో నిలబెట్టి నేను గంటన్నర పాడుచేశాను.