మొదటి పాట ఆగని రోజు

ఫలానా సినిమా వచ్చి ఇన్నేళ్లయిందని టీవీలో కేకు కోసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. నేనూ అలాంటి ఉత్సవం చేసినవాణ్ణే. డెబ్బైల చివర్లో, చర్ల పక్కన మా టూరింగ్ టాకీసు డేరాలో ఒక సినిమా వంద రోజులు ఆడింది. ఆ పండుగ నాడే నేను గ్రామఫోను ముల్లు ఒక్కటి పట్టుకుని వాగును ఎదిరించి, అవతలి ఊరు ఊరంతటినీ బతికించాను. ఏటా శ్రావణంలో ముసురు పట్టగానే ఈ కథ చెప్తాను. చెప్పిన ప్రతిసారీ వాగు ఇంకో మూర పెరుగుతుంది.

వంద రోజులన్నది కొంచెం సాగదీశాను. నిజానికి పాతిక. అదీ సినిమా గొప్ప కాదు. మా డేరాలో ఏ సినిమా అయినా నాలుగు రోజులే. ఆ తరవాత రీళ్ల పెట్టె బస్సెక్కి భద్రాచలం పోయేది, వేరే పెట్టె వచ్చేది. ఆ ఏడు వానలకు దారిలో చప్టా కొట్టుకుపోయింది. బస్సు రాలేదు, పెట్టె కదల్లేదు. చూసినవాళ్లే మళ్లీ చూశారు. విలన్ నోరు తెరవకముందే అతని డైలాగు నేల టికెట్టు జనంలోంచి వినబడేది.

డేరా ఓనరు సత్తుపల్లి వైపు మనిషి. "బెజవాడలో వంద రోజులకి షీల్డులిస్తారు. మన అడవికి పాతిక చాల్లే. దండలు తేరా" అన్నాడు నాతో. నేను ఆయన దగ్గర రికార్డులు పెట్టేవాణ్ణి.

అది చిన్న పని కాదు. వాగు అవతలి ఊళ్లలో గడియారాలు తక్కువ. వెదురు గడకు కట్టిన హారన్‌లోంచి మొదటి పాట, దేవుడి పాట, వచ్చిందంటే ఇంకా బోలెడు టైముందని లెక్క. అన్నం తిని నెమ్మదిగా బయలుదేరొచ్చు. రెండో పాటకు వాగులో ఉండాలి. మూడోది ఆగిందంటే టికెట్లు చింపుతున్నట్టే, ఇక పరుగు. అలా వాగు దాటి వచ్చేవాళ్లలో మా మేనమామ కూతురు ఒకతె. మా ఇద్దరికీ లగ్గం ఖాయమైంది, వానలు తగ్గడమే తరువాయి. డేరాలో ఆమె ఇసుక నేల మీద గోనెసంచి పరుచుకుని కూర్చునే చోటు నా గ్రామఫోను దగ్గర్నుంచి సరిగ్గా కనబడేది.

పండుగ నాడు వాన లేదు. అదే బాగా లేదు. అన్ని రోజులూ చెవులు చిల్లులు పడేలా అరిచిన కప్పలు ఉన్నట్టుండి నోరు మూశాయి. ఎగువన బస్తరు కొండల మీద మబ్బు నల్లగా కూర్చుని ఉంది, అక్కణ్ణుంచి కదలడం లేదు. మా మామ సంతకు వచ్చి తిరిగి పోతూ డేరా ముందు ఆగాడు.

"అల్లుడా, ఇయ్యాల పాట పెట్టకు."

"ఏంది మామా, నా పాట మంచిగ లేదా?"

"నీ మొఖం మంచిగ లేదు. వాగు వాసన మారింది. నేనే మీదికి పోయి, బండల కాడ చుట్టు తిరిగి దాటుత. పాట ఇంటే జనం దిగుతరు."

"దండలు గిట్ట తెచ్చినం మామా. పండుగ!"

"చేస్కో పండుగ. నోరు మూస్కొని చేస్కో."

ఆయన అటు వెళ్లగానే ఓనరు వచ్చాడు. "పాట లేకుండా ఫంక్షనేంట్రా, చావింట్లోలాగా?" అన్నాడు. పొద్దు వాలాక నేను ముల్లు పెట్టాను.

మొదటి పాట సగంలో ఉండగా ఎగువ నుంచి ఒక చప్పుడు మొదలైంది. దూరంగా రోడ్డు రోలరు వస్తున్నట్టు. అంత హారన్ మోతలోనూ వినబడింది. తెరకు దండ వేయబోతున్న ఓనరు దండ పట్టుకునే అటు తల తిప్పాడు.

చెబుదామంటే మైకు వానకు తడిసి ముందే మూగబోయింది. పాట ఆపుదామని చెయ్యి చాపి ఆగిపోయాను. ఆపితే టికెట్లు ఇస్తున్నారని ఉరికి దిగుతారు. రెండోది పెడితే దాటే వేళయిందనుకుంటారు. అప్పుడు తట్టింది. మొదటి పాటే మళ్లీ మళ్లీ పెట్టాలి. ఇంకా టైముంది, ఇంట్లోనే ఉండండి అన్నట్టు.

"అన్నా, ఇదైపోగానే ముల్లు మళ్లీ మొదట్లో పెట్టు. ఆపకు!"

"రికార్డు అరిగిపోద్దిరా!"

"అరగనీ!"

అరమైలు దూరంలోని వాగుకేసి బురదలో పరుగెత్తాను. వెనక మళ్లీ మళ్లీ అదే పాట, అదే చోట అదే గరగర. రోజూ వినే దేవుడి పాటే, ఆ టేకు చెట్ల నడుమ మాత్రం ఎవరినో సాగనంపుతున్నట్టు వినబడింది. వాగు ఒడ్డు ఉన్న చోట లేదు. ముందురోజు సైకిలు ఆనించిన మద్దిచెట్టు నీళ్లలో నిలబడి ఉంది. ఒక పాక కప్పు, దాని మీద ఒక కోడి, అరుపైనా లేకుండా దిగువకు పోయాయి. అవతల, వానొస్తే కప్పుకోడానికి తాటాకు గిడుగులు తెచ్చుకున్న జనం వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కరూ కదలడం లేదు.

ఏటా కథలో ఇక్కడ నేను దూకుతాను. ఈదుకుంటూ పోయి అందరినీ వెనక్కి తోస్తాను. అసలు నాకు ఈతే రాదు. మోకాళ్ల లోతున, కాళ్ల కింద ఇసుక జారిపోతుంటే కొమ్మ పట్టుకుని నిలబడ్డాను, అంతే. కానీ అవతలి గడ్డన ఆమె కనబడింది. కూర్చుని ఉంది. చెయ్యి ఊపాను. ఆమె నోరు కదిలింది, నవ్వింది. వాగులో దిగలేదు. నా పాట ఆమెను ఆపింది. మిగతాదంతా సాగదీశానేమో గాని ఈ ముక్క మాత్రం సాగదీయలేదు.

ఇంతవరకు రాసి నిన్న ఆమెకు చదివి వినిపించాను. చింతపండులో గింజలు తీస్తూ చివరిదాకా వింది.

"అయిపోయిందా బావా?"

"అయింది."

"నేను దిగలేదని నీకెవరు చెప్పిన్రు?"

నేను కాగితం కింద పెట్టాను.

"నలుగుర్ల చెప్పుకుంటున్నవు, పోనీ అనుకున్న ఇన్నొద్దులు. రాస్తున్నవు గనుక చెప్తున్న. మొదటి పాటే మళ్ల మళ్ల వస్తాంటె, ఇంకా మస్తు టైమున్నది, నిమ్మళంగ దాటొచ్చనుకున్న. పాట ఆగుంటే ఆట షురువైంది, ఇంక అందదని ఇంటికి మర్లిపోతుంటి. ఆగలే. అందరికన్న ముందు నేనే దిగిన. నడుం కాడికి రాంగనే కాళ్లు లేచినయ్. నాయన అప్పుడే చుట్టు తిరిగి వచ్చిండు, కొప్పు పట్టి గుంజిండు. నువ్వు వచ్చేసరికి గడ్డన కూసొని నీళ్లు కక్కుతున్న."

"మరి నన్ను చూసి నవ్వినవు గదా?"

"నవ్వలే. తిట్టిన. వాగు సప్పుడుకు నీకు ఇనబళ్లే."