నాయన కారుకు నేను బిగించిన డబ్బా

మా నాయనకు మార్కాపురంలో బట్టల దుకాణం ఉంది. ఆయన పాత డీజిల్ కారు ఇంజన్‌లో జిడ్డు పేరుకుంటోందని తెలిసి, పోయిన ఏడాది నేనే ఆయిల్ క్యాచ్ క్యాన్ తెప్పించాను. ఇంజన్ వదిలే ఆవిరి ఒక గొట్టం గుండా తిరిగి ఇంజన్‌లోకే పోతుంది. ఆ దారిలో బిగించే ఈ చిన్న డబ్బా, ఆవిరిలోని నూనెను పట్టి ఉంచుతుంది.

నేను గొట్టం కోస్తుంటే నాయన అల్లాడిపోయారు.

"తిరిగే బండిని ఎందుకమ్మా ఇట్ల కోస్తున్నావు? రేపు శ్రీశైలం అడవిలో ఆగిపోతే ఏంది గతి?"

"ఒక్కసారి నన్ను నమ్ము నాయనా" అంటూ గొట్టం మధ్యలో డబ్బా బిగించాను.

మర్నాడే శ్రీశైలం బయలుదేరాం. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే ఇద్దరి చెవులూ ఇంజన్ మీదే ఉన్నాయి. చప్పుడు కాస్త మారినా, ఆగిపోతుందేమో అనుకునేదాన్ని. ఎలాగో పైకి చేరాం. ఇంజన్ చల్లారాక డబ్బా విప్పితే, అడుగున చిక్కటి నల్లని నూనె!

నాయన అందులో వేలు ముంచి ఎండకు పట్టి చూశారు.

"ఇన్నేండ్లు ఇదంతా మింగుతానే మనల్ని కొండ ఎక్కించిందా ఈ బండి!"

బానెట్ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయారు. దర్శనానికి వేళవుతున్నా, నేనూ ఆయన పక్కనే నిలబడ్డాను.