బోయిన్‌పల్లి బాయి

మా అత్తమ్మ పుట్టింటికి ఒక బావి ఉండేది. ఆ సంగతి తెలియనివాళ్ళు మా ఇంట్లో లేరు. అల్వాల్‌లో మా వీధికి నీళ్ళ ట్యాంకరు తెచ్చే డ్రైవరుకు కూడా తెలుసు. బావిని మా వైపు బాయి అంటాం. "మా బాయి నీళ్ళు తాగినోళ్ళకు గీ నీళ్ళు ఏడ పడ్తయి" అని ఆమె మొదలుపెడితే పైపు పట్టుకుని నిలబడ్డ ఆ మనిషి పాపం తలాడిస్తూ ఉండేవాడు. పప్పు ఉడక్కపోతే ఆ బాయి గుర్తొచ్చేది. నా జుట్టు రాలిపోతున్నా ఆ బాయే గుర్తొచ్చేది. పెళ్ళయిన కొత్తలో ముచ్చటగానే విన్నాను. తర్వాత విని విని విసుగొచ్చి లేచి వంటింట్లోకి పోయేదాన్ని.

ఆమెకు ఆ బాయి ఎందుకంత ముఖ్యమో మాత్రం నాకు తెలుసు. మా మామగారి వైపు అందరివీ సర్కారు కొలువులు. తోడికోడళ్ళు పుట్టిళ్ళ గొప్పలు చెప్పుకునేటప్పుడు అత్తమ్మ దగ్గర ఉన్న జవాబు అదొక్కటే. సొంత బాయి, దాని కింద కూరగాయల మళ్ళు, ఒకరి గడప తొక్కని ఇల్లు. అత్తవారింట్లో ఆమె తలెత్తుకుని తిరిగింది ఆ మాట మీదే.

నేను పుస్తకాలు తెచ్చుకునే సికింద్రాబాద్ లైబ్రరీలో నెలకోసారి, ఆదివారం పూట, ఊరి చరిత్ర మీద ఉపన్యాసం పెడతారు. వచ్చేది చాలావరకు రిటైరయినవాళ్ళు. నన్నడిగితే ఉపన్యాసంలో కన్నా తర్వాత చాయ్ తాగేటప్పుడే చరిత్ర ఎక్కువ బయటికొస్తుంది. ఫలానా ఇరానీ హోటల్ రోడ్డుకు ఏ పక్కన ఉండేదని ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకోవడం మానేసేదాకా వాదించుకోవడం నేను చూశాను. ఈమధ్య ఒక నెల, లష్కర్ అని మేము పిలిచే సికింద్రాబాద్ చుట్టూ ఉండిన తోటలు, బావుల గురించి మాట్లాడిస్తున్నాం, పాత ఫోటోలుంటే ఇవ్వండి, గోడకు పెడతాం అన్నారు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. అత్తమ్మ మారు మాట్లాడకుండా బీరువా తెరిచి, చీరల కింద నుంచి ఒక ఫోటో తీసింది.

అరచేతిలో పట్టేంత ఫోటో. సన్నటి మనిషి ఒకామె, కొంగు నడుముకు చెక్కుకుని, ఎండకు కళ్ళు చికిలించి నిలబడి ఉంది. అత్తమ్మ తల్లి. వెనక కాస్త రాళ్ళ గట్టు కనిపిస్తుంది. ఆ గట్టు బావిదని చెబితే తప్ప తెలియదు.

"నల్గురి నడుమ మా అమ్మ గా బాయి కాడ నిలబడాలె. గంతే నాకు" అంది. ఆమె తనకోసం ఏదైనా అడగడం నేనెప్పుడూ పెద్దగా చూడలేదు.

ఫోటో కింద రాయడానికి వివరాల కోసం లైబ్రరీ నుంచి ఫోన్ వచ్చింది. కొత్తగా చేరిన ఉద్యోగి. మా సిటీ పిల్లలందరిలాగే మూడు భాషలు కలిపి మాట్లాడే అమ్మాయి. అత్తమ్మ ఫోన్‌లో ఎప్పుడూ అవతలి మనిషి అవతలి ఊళ్ళో ఉన్నట్టే అరుస్తుంది. "గది మా బాయి బిడ్డా. మా ఇంటి బాయి. బోయిన్‌పల్లిల" అని చెప్పడం నేను వంటింట్లోంచి విన్నాను. అందులో నాకు వంక పెట్టడానికేమీ కనపడలేదు.

ఆ ఆదివారం అత్తమ్మ గద్వాల చీర కట్టుకుంది. ఏం మాట్లాడాలో వారం రోజులుగా నాకు అప్పజెబుతూనే ఉంది. బాయి లోతు, గట్టు మీద ఎండబోసిన మిరపకాయలు, బోయిన్‌పల్లి మార్కెట్ రాకముందు చిక్కుడుకాయలు గంపలకెత్తుకుని పోయిన తోవ. హాల్లోకి అడుగుపెట్టగానే ఆమె కన్నా ముందు నేను గోడ దగ్గరికి వెళ్ళాను. ఫోటోను పెద్దది చేసి, అద్దం కట్టించి పెట్టారు. కింద కార్డు మీద అచ్చులో ఇలా ఉంది: "ఇంటి బాయి, బోయిన్‌పల్లి. ఆ రోజుల్లో పనివాళ్ళను కూడా ఇంట్లో మనుషుల్లాగే చూసుకునేవారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గిన్నెలు తోమే మనిషిని బాయి అంటాం, బావినీ బాయి అంటాం. వింటున్నవాళ్ళకు ఏ బాయో తెలిసిపోతుంది కాబట్టి మాకు ఏనాడూ ఇబ్బంది రాలేదు. ఈ పిల్లకు బావులు ఎక్కడ తెలుసు? సరే, తెలియదు, అడగొచ్చు. పైగా ఆ రెండో వాక్యం ఎవరు చెప్పారని రాసినట్టు?

"ఏందమ్మా ఇది?" అన్నాను, గోడ దగ్గరే ఉన్న ఆ ఫోన్ చేసిన అమ్మాయితో.

"సారీ ఆంటీ. గ్రాండ్‌మా ఫోన్ల మా ఇంటి బాయి అన్నరు కదా. నేను మెయిడ్ అనుకున్న." అమ్మాయి మొహం వాడిపోయింది. "ఇప్పుడే తీసేస్తా."

"తియ్యి జల్దీ. ఆమె చూస్తే ఎంత బాధపడ్తదో నీకు ఎర్కలేదు."

అప్పటికే అత్తమ్మ నా వెనక నిలబడి ఉంది. అక్షరాల కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, కూడబలుక్కుని మొత్తం చదివింది. అమ్మాయి కార్డు మీద చెయ్యి వెయ్యబోతే, "ఉండనీ" అంది.

"ఉండనిచ్చుడేంది అత్తమ్మా? మీ అమ్మను పట్కొని పనిమనిషి అని రాసిన్రు."

"ఉండనీ అన్న గద" అని వెళ్ళి ముందు వరుసలో కూర్చుంది.

ఉపన్యాసంలో ఒక్క ముక్క నాకు ఎక్కలేదు. పక్కన ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. నలుగురిలో ఎందుకు రచ్చ అని ఊరుకుందేమో, ఇంటికెళ్ళాక ఏడుస్తుందేమో అని నా భయం. ఉపన్యాసం అయ్యాక ఫోటోలిచ్చినవాళ్ళను ఒక్కొక్కరినీ పిలిచి నాలుగు మాటలు చెప్పమన్నారు. అత్తమ్మ వంతు వచ్చింది. వెళ్ళి ఫోటో పక్కన నిలబడింది. "మా అమ్మ" అంది. వారం రోజులు అప్పజెప్పిన పాఠంలో ఆ తర్వాతి మాట ఒక్కటీ బయటికి రాలేదు.

ఆమెకు సాయం చేద్దామనే కాబోలు, వెనక నుంచి ఒక ముసలాయన లేచాడు. ఒకప్పుడు ఫోటో స్టూడియో నడిపిన మనిషి. ప్రతి నెలా వస్తాడు.

"అమ్మా, గీ ఫోటో ఎవరు తీసిన్రు? గా జమానాల మనోళ్ళు స్టూడియోకొచ్చి, పౌడర్ రాస్కొని దిగుతుండె. బాయి కాడికి కెమెరా ఎవరు తెచ్చిన్రు?"

ఇన్నేళ్ళుగా ఆ ఫోటో మా ఇంట్లో ఉంది. ఈ ప్రశ్న నాకు గానీ మా ఆయనకు గానీ తట్టనే లేదు.

అత్తమ్మ ఫోటో వైపు తిరిగింది. "మేంసాబ్ తీసింది" అంది.

తర్వాత ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"మా నాయన పోయినంక బాయి కింద పంట మాకు సాలకపోయేది. కంటోన్మెంట్ల ఒక ఆఫీసర్ బంగ్లల మా అమ్మ గిన్నెలు తోమ పోతుండె. ఆడికెల్లి వచ్చి మళ్ళకు నీళ్ళు పెడ్తుండె. ఒకనాడు మేంసాబ్ మీకేమున్నది అని అడిగిందట. మా అమ్మ వచ్చీరాని ఉర్దూల, హమారే కో బాయి హై అన్నది. మేంసాబ్ ఒకటే నవ్వుడు. నువ్వే బాయివి, నీకింకో బాయి ఏందని. మా అమ్మకు రోషమొచ్చింది. చలో, దేఖో అని తోల్కొచ్చింది. జీపుల వచ్చిందామె. బాయిలకు తొంగి చూసి ఇగ నవ్వలే. అమ్మను గక్కడ నిలబెట్టి ఫోటో తీసింది."

నవ్వు దగ్గర హాలు కూడా నవ్వింది. అత్తమ్మ నవ్వలేదు కనుక వెంటనే ఆగిపోయింది.

"గీ బిడ్డ తప్పు రాయలే" అంది, లైబ్రరీ అమ్మాయిని చూపించి. "నేనే మా అత్తగారింట్ల ఎన్నడు చెప్పలే. చులకన జేస్తరని. నా కొడుక్కు సుత తెల్వది."

ఆ చివరి మాట నా వైపు చూసి అంది. పట్కొని పనిమనిషి అని రాసిన్రు అని గంట కింద అన్నది నేనే. ఆమె జీవితమంతా ఎవరి నోట వినాల్సి వస్తుందోనని భయపడ్డ మాట, అదే చులకన గొంతుతో, ఆమె మొహం మీదే అన్నాను. నాకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. దాచుకోలేదు.

చాయ్ వేళకు ఆ అమ్మాయి ఖాళీ కార్డు, స్కెచ్ పెన్ను తెచ్చి అత్తమ్మ పక్కన కూర్చుంది. "గ్రాండ్‌మా, ఏం రాయాలో మీరే చెప్పండి."

"మా అమ్మ. బాయి పని చేసింది. బాయి సుత ఆమెదే."

అమ్మాయి రాసి, తిరిగి చదువుకుని, తల గోక్కుంది. "ఏ బాయి ఏదో చదివెటోళ్ళకు ఎట్ల తెలుస్తది?"

"తెల్వనోళ్ళు అడుగుతరు తియ్యి."

"పేరు?"

అత్తమ్మ నా వైపు చూసింది. బంగ్లాలో ఆమెను బాయి అన్నారు. ఇంట్లో అమ్మ. వాడలో ఫలానా ఆయన పెళ్ళాం. అత్తమ్మ అమ్మాయి వైపు వంగి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. అమ్మాయి రాసింది. నేను కార్డు మీద చదివాను. ఆ బావి గురించి నాకు తెలియంది లేదు. ఆ పేరు మాత్రం నాకు అప్పుడే తెలిసింది. ఇక్కడ రాయను. గోడ మీద ఉంది, పోయి చదువుకోండి.

"అమ్మ పేరు నా నోటితోని అనుడు గిదే మొదలు" అంది అత్తమ్మ, చల్లారిన చాయ్ చేతిలో పట్టుకుని.