పడుగుకు పట్టించే గంజి

మేం ఇప్పుడుంటున్న పర్వత్ పాటియాలో ఎవరింట్లోనైనా సగ్గుబియ్యం ఉడికే వాసన వస్తే మా తాత నా వెనక నిలబడ్డట్టే ఉంటుంది.

ఒకప్పుడు మేం పన్నెండు సాంచెల, అంటే మరమగ్గాల, వాళ్లం. నేసే ముందు పడుగు దారాలకు కర్రపెండలం పిండితో గంజి పట్టించేవాళ్లం. సగ్గుబియ్యమూ ఆ దుంపదే, వాసనా అదే. సాంచెలు అమ్ముడుపోయిన ఏడాది, మిగిలిన పిండితో అమ్మ గంజి కాస్తుంటే చూసి తాత దగ్గరికి పరుగెత్తాను.

"తాతా, మన సాంచెలు మళ్లొస్తున్నయ్. అమ్మ గంజి కాస్తున్నది."

తాత వంటింటి దాకా వచ్చాడు. అమ్మ గంజిలో ఉప్పు వేస్తోంది. మమ్మల్ని చూసి తల దించుకుంది.

తాత నిటారుగా కూర్చుని గిన్నెడు గంజీ తాగాడు. "మంచిగున్నది బిడ్డా, ఇంక జర పొయ్యి" అన్నాడు.

ఆయనకు ఆకలి తీరలేదనుకున్నాను. అమ్మ తలెత్తాలని అడిగాడని చాలా ఏళ్లకు గాని తెలియలేదు.