తొట్టి ఆరేలోపు

ఆయన్ని అందరూ మట్టం మేస్త్రీ అంటారు. చేతిలో రసమట్టం లేనిదే గడప దాటడు. అత్తగారింటికి మొదటిసారి భోజనానికి వెళ్ళి, కంచం ముందు కూర్చోకుండానే గచ్చు ఒక పక్కకు వాలిందని తేల్చిన మనిషి. కోపం ముక్కు మీదే ఉంటుంది. ఓపికంతా పనిలోనే ఖర్చయిపోతుంది మరి.

ప్రార్థన మందిరంలో బాప్తిస్మపు తొట్టి కారుతోందంటే, కూలి ముట్టకుండా పాత టైల్స్ పీకి కొత్తవి పరిచింది ఆయనే. అదంతా వాళ్ళమ్మ కోసం. డెబ్భై ఏళ్ళు దేవుడి ఊసెత్తని ముసలామె, ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాక ప్రభువును నమ్ముకుంది. "నేనూ మునుగుతాన్రా, కుర్చీలో మోసుకుపో" అని కొడుకు ప్రాణం తోడేసింది. ఇంట్లోనే డ్రమ్ములో కానిద్దామంటే పాస్టరుగారు ససేమిరా అన్నారు. మునగాలి, అదీ సంఘం కళ్ళెదుట, ఆ తొట్టిలోనే మునగాలి.

పని ముగిశాక, "ఈ ఆదివారమే నింపేద్దామా?" అని పాస్టరుగారు అడిగారు.

"ఇంకో వారం ఆగాలండి. అతుకులు ఆరకుండా నీళ్ళు పోస్తే మళ్ళీ మొదటికొస్తుంది" అన్నాడు మేస్త్రీ.

పనివాడి మాట అది, తప్పనడానికి లేదు. కానీ ఆదివారం దాటిన మర్నాడు పొద్దున్నే మందు తాగించబోతే అమ్మ ఒళ్ళు చల్లబడి ఉంది.

ఏడుపు కంటే ముందు ఒళ్ళు మండింది ఆయనకు, తన మీద, తన సిమెంటు మీద. పాస్టరుగారింట్లో ఆ మంట రెట్టింపయింది. శవాన్ని మందిరంలోకి తేవడం కుదరదన్నారు ఆయన, గొంతు సవరించుకుని.

"బాప్తిస్మం లేకుండా రక్షణ ఉందని నేనెలా చెప్పను, మేస్త్రీ? ఇంటి దగ్గరే ఎవరైనా పాట పాడుకోండి."

"అంటే మా అమ్మ నరకానికి పోయిందనా?"

"నేనలా అనలేదు."

"మరేమన్నారు? మీ ముందే కదా నమ్ముతున్నానని ఒప్పుకుంది! ఆదివారం నేను ఊఁ అని ఉంటే స్వర్గం, ఆగమన్నాను కాబట్టి నరకమా? దేవుడు నా తాపీని చూసి తీర్పు చెబుతాడా? సిలువ మీద ప్రభువు పక్కనే స్వర్గం మాట పొందిన దొంగని ఏ తొట్టిలో ముంచారండీ?"

"అది వేరు."

"మీ పాప కూడా వేరేనా?"

పన్నెండేళ్ళ కిందట పాస్టరుగారి బిడ్డ పుట్టిన మూడో రోజే పోయింది. ఆ జానెడు సమాధికి రాళ్ళు పరిచింది మేస్త్రీయే.

"పాప ప్రభువు ఒళ్ళో ఉందని ఆ రోజు మీరే చెప్పారు. చెవులారా విన్నాను. ఏ నీళ్ళలో ముంచారండీ ఆ బిడ్డని?"

అనకూడని మాట అని నోరు దాటాకే తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేదు. పాస్టరుగారు తల దించుకున్నారు.

పాస్టరమ్మ వంటింట్లోంచి వచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, బల్ల మీది బైబిలు తీసి భర్త ఒళ్ళో పెట్టింది.

"పాప ఎక్కడుందో పన్నెండేళ్ళుగా నాకు చెబుతూనే ఉన్నారు. అది అబద్ధమైతే ఇప్పుడే, ఈయన ముందే చెప్పేయండి. నిజమైతే లేవండి, ఆ పెద్దామె దగ్గరికి పోదాం."

 పాస్టరుగారు బైబిలు పట్టుకుని లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కున్నారు.