ఎడమ మూల మామయ్య

నాటకాలకు సెట్టు వేసే మామయ్యకు స్టేజీ అంటే ఎడమ మూల ఒక్కటే. మిగతాదంతా ఆయన దృష్టిలో ఆ మూలకు వెళ్లే దారి. సింహాసనమైనా, కోర్టు బోనైనా, చావుమంచమైనా సరే, ప్రేక్షకులకు ఎడమ చేతివైపు, గోడకు అతుక్కుపోయేంత దగ్గరగా వేస్తాడు. అందుకే నాటక బృందంలో చిన్నాపెద్దా అందరికీ ఆయన మూల మామయ్య. నిజానికి ఆయన మేనమామ అయ్యేది ఒక్క దర్శకుడికే.

ఆ దర్శకుడు చెప్పి చూడని రోజు లేదు.

"మామయ్యా, నిండు సభలో రాజు మూలన నక్కి కూర్చుంటాడా?"

"తెలివైన రాజు గోడ పక్కనే కూర్చుంటాడురా. వెనకనుంచి పొడవడానికి ఎవడికీ సందు దొరకదు."

"మరి పడవో? నదంతా ఖాళీగా వదిలేసి ఒడ్డుకి ఇరికించావు!"

"మునిగితే దిగిపోవడానికి సుళువు."

ఆయనతో వాదించడం గోడతో మాట్లాడినట్టే. ఆ గోడ కూడా ఎడమవైపుదే.

ఈ పిచ్చి వల్ల పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. సేనాపతి వేషం వేసే లావుపాటి నటుడు కత్తియుద్ధం మధ్యలో ఒక్కడుగు వెనక్కి వేసి ఏకంగా తెర వెనక తేలాడు. శత్రువు కాసేపు గాలిని పొడిచి, ఇక లాభం లేదని తనే గెలిచానని ప్రకటించుకున్నాడు. కుడివైపు కూర్చున్నవాళ్లు నాటకమంతా మెడలు సాచి చూసి, మర్నాడు మెడలు పట్టేశాయని తిట్టిపోసేవారు. ఒక పత్రికాయన మాత్రం, అంచుకు నెట్టేసిన మనిషి వేదనను ఆ సెట్టు అద్భుతంగా పలికించిందని రాశాడు. మామయ్య ఆ ముక్క చదివి "ఓహో, అలాగా!" అని తనే ఆశ్చర్యపోయాడు.

ఇలా ఉండగా పక్క ఊళ్లో పెద్ద హాలు ఉన్నాయన కొత్త నాటకం చూడటానికి వస్తానని కబురు పెట్టాడు. ఆయనకు నచ్చిందా, ఆ హాల్లో నెల పొడుగునా ప్రదర్శనలు! దర్శకుడికి కాలు నేల మీద ఆగలేదు. చివరి సీనులో, ఏళ్ల తరబడి మాటలు మానేసిన తల్లీకూతుళ్లు తల్లి మంచం దగ్గర కలుసుకుంటారు. నాటకం ప్రాణమంతా అక్కడే ఉంది.

"నీకు దణ్ణం పెడతాను మామయ్యా, ఈ ఒక్కసారికి సెట్టు జోలికి రాకు."

"నీ కిటికీ మధ్యలోనే ఉండనీ, నీ గుమ్మం మధ్యలోనే ఉండనీ. ఆ ఒక్క మంచం..."

"ఆ మంచమే మధ్యలో ఉండాలి!"

మామయ్య సుత్తి సంచిలో వేసుకుని పోయి బయట మెట్ల మీద కూర్చున్నాడు. ఆ వాలకం చూసి దర్శకుడికి జాలేసింది. అయినా మనసు రాయి చేసుకున్నాడు.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం ఆఖరి రిహార్సలు జరుగుతోంది. హాలాయనకు మంచి సీటు ఉంచమని చెప్పడానికి దర్శకుడు టికెట్ల గదికి వెళ్లాడు. అక్కడ కూర్చునేది మామయ్య భార్యే. ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం నాటకం అయ్యేదాకా ఆవిడ కదలదు. టికెట్ల డబ్బా ఇంకొకరి చేతికివ్వడానికి ఆవిడకు ప్రాణం ఒప్పదు. గది వెనక గోడకు హాల్లోకి తెరుచుకునే బుల్లి కిటికీ ఉంది. అత్తయ్య దానికి ముక్కు ఆనించి చూస్తోంది.

"రారా, నువ్వైనా చూడు. నాకేమీ కనబడి చావట్లేదు."

దర్శకుడు వంగి చూశాడు. ఎదురుగా లావుపాటి స్తంభం. స్తంభానికీ గోడకూ మధ్య సందులోంచి స్టేజీ ఎడమ మూల కనిపించింది, అంతే. అక్కడ ఒక నీళ్ల కూజా ఉంది. తల్లీకూతుళ్ల ఏడుపేమో స్తంభం అవతలనుంచి వినిపిస్తోంది.

"ఈసారే ఇలా అయిందిరా," అంది అత్తయ్య. "ఇన్నేళ్లూ అసలు సీను సరిగ్గా ఈ సందులోనే పడేది. రాజు చచ్చినా ఇక్కడే, దొంగ దొరికినా ఇక్కడే! నా కిటికీది మహర్జాతకమని మీ మామయ్యతో అంటూ ఉంటాను."

"మామయ్య ఏమంటాడు?"

"ఏమంటాడు? కాబోలు అని అటు తిరిగి పడుకుంటాడు."

దర్శకుడికి ఆ మొండిఘటం మీద ఒక్కసారిగా ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

"అత్తయ్యా, హాలాయనకి ఎడమవైపు సీటు ఉంచు," అని చెప్పి స్టేజీ మీదికి పరుగెత్తాడు.

"మంచం జరపండి! ఎడమకి! ఇంకా... ఇంకా..."

"ఇంకా జరిపితే వీధిలో పడతాను బాబూ!" అంది తల్లి వేషం వేసే ఆవిడ, మంచం దిగకుండానే.

సాయంత్రం చివరి సీనులో తల్లి కూతురి చెయ్యి పట్టుకునేసరికి హాలంతా చడీచప్పుడు లేదు. టికెట్ల గదిలోంచి మాత్రం ముక్కు చీదిన చప్పుడు ఘనంగా వినిపించింది. అది విని హాలాయన కూడా జేబురుమాలు తీశాడు. తెర పడకముందే స్టేజీ దగ్గరికొచ్చి, వచ్చే నెలే మొదలుపెట్టమని దర్శకుడి చెయ్యి ఊపేశాడు.

నటీనటులు మూలన వరసగా నిలబడి దండాలు పెడుతున్నారు. మామయ్య వెనకనుంచి వచ్చి మేనల్లుడి చెవిలో గొణిగాడు.

"నిజం చెప్పనారా? ఆ మంచం మధ్యలోనే బాగుండేది. నాటకం తెలిసినవాడెవడైనా అక్కడే వేస్తాడు."

"మరి ఇన్నాళ్లూ నువ్వు..."

"ఉష్! పక్కకి జరగరా," అంటూ మామయ్య అతని చొక్కా పట్టుకుని లాగాడు. "మీ అత్తయ్యకి అడ్డంగా ఉన్నావు."